విత్తు ముందా? రాజ్యం ముందా?

తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి
(వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం)

చిన్నప్పటి నుంచీ మనమంతా చదువుకున్న పాఠం ఒకటుంది. ఆదిమానవుడు అడవుల్లో తిరిగేవాడు. వేటాడేవాడు. దొరకనినాడు పస్తుండేవాడు. ఒక శుభదినాన తాను పారేసిన గింజ మొలకెత్తడం చూశాడు. 'ఆహా!' అనుకున్నాడు. నాగలి పట్టాడు. నది ఒడ్డున గుడిసె వేశాడు. అక్కణ్ణుంచి వూరు, వూరి నుంచి నగరం, నగరానికో రాజు, రాజుతో పాటు నాగరికత! పది మార్కుల ప్రశ్నకు జవాబు పూర్తయింది. వ్యవసాయం సంగతి అంతటితో సరి. మిగతా పుస్తకమంతా రాజులదీ, వారి యుద్ధాలదీ.

ఈ కథలో అన్నీ వున్నాయి, రైతు తప్ప. ఆడమనిషి అసలే లేదు. వేల ఏండ్ల శ్రమ ఒక్క 'ఆహా'లో ముగిసిపోయింది.

నేను ఈ వ్యాసంలో చెప్పదలచింది ఇది. సేద్యాన్ని ఏ నాగరికతా కనిపెట్టలేదు. సేద్యమే నాగరికతల్ని సాకింది. పేరు తెలియని లక్షలాది మంది ఆడవాళ్ళూ మగవాళ్ళూ తరతరాలుగా చేసిన ప్రయోగ ఫలితం మన కంచంలోని మెతుకు. రాజ్యమనేది ఆ కల్లం దగ్గరకు కొలపాత్ర పట్టుకుని వచ్చింది చాలా ఆలస్యంగా. ఈ వరస మనసులో పెట్టుకోకపోతే ఇవాళ్టి రైతు ఎందుకిలా వున్నాడో మనకు బోధపడదు. 'చదువు రాకపోతే గొడ్లు కాసుకుంటావురా' అని అయ్యవార్లు తిట్టడంలోని అన్యాయం కూడా బోధపడదు.

ఒక్క చోట కాదు, ఒక్క రోజున కాదు

ఆకలికి తాళలేక మనిషి సేద్యానికి దిగాడన్న మాట మొదట చూద్దాం. 1966లో జాక్ హార్లన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆగ్నేయ టర్కీలోని ఒక కొండ వాలున అడవి గోధుమను చెకుముకి రాతి పలుకులు బిగించిన కొడవలితో కోసి చూశాడు. గంటకు సుమారు కిలో శుభ్రమైన గింజ వచ్చింది. ఒక కుటుంబం మూడు వారాలు కష్టపడితే ఏడాదంతా తిన్నా మిగిలేంత గింజ సమకూరుతుందని ఆయన లెక్క గట్టాడు. దున్నే పని లేదు, కలుపు తీసే పని లేదు, అప్పు లేదు! అట్లాంటి మనిషి సేద్యం మెడకెత్తుకోవడానికి ఆకలి ఒక్కటే కారణమని ఎట్లా అంటాం?

సేద్యం చేశాకే వూరు కట్టాడన్నదీ నిలవదు. ఇప్పటి ఇజ్రాయిల్, పాలస్తీనా, జోర్డాన్ ప్రాంతాల్లో నటూఫియన్లు అని పురావస్తు శాస్త్రజ్ఞులు పిలిచే జనం, సేద్యం ఎరగక ముందే రాతి పునాదుల ఇండ్లు కట్టుకున్నారు. రోళ్ళూ కొడవళ్ళూ వాడారు. జోర్డాన్‌లో షుబైకా అనే చోట 14,400 ఏండ్ల నాటి పొయ్యిలో మాడిన రొట్టె తునకలు దొరికాయి. గోధుమ పండించడం నేర్వక ముందు దాదాపు నాలుగు వేల ఏండ్ల నాడే రొట్టె కాల్చడం నేర్చారన్నమాట! టర్కీలోని గోబెక్లీ తెపేలో 5 మీటర్లకు పైబడిన రాతి స్తంభాలు నిలిపినవారు కూడా, సుమారు 11,500 ఏండ్ల క్రితం, అడవి మాంసమూ అడవి గింజా తిన్నవారే. ముందు వూరు, ముందు పండగ, తర్వాత చేను.

ఇక ఆ చేను ఒక్క చోట పుట్టింది కాదు. సుమారు 11,700 ఏండ్ల క్రితం మంచుయుగం ముగిసి వాతావరణం కుదుటపడింది. వానలకొక వరస ఏర్పడింది. అప్పటి నుంచి భూమి మీద ఒకరి ముఖం ఒకరు చూడని జనం, ఒకరి మాట ఒకరికి తెలియని జనం, ఎవరికి వారు తమ చుట్టూ వున్న గడ్డినీ దుంపనూ మచ్చిక చేసుకున్నారు. పశ్చిమాసియాలో గోధుమ, యవలు, శనగ. చైనాలో యాంగ్‌ట్సీ నది కింది భాగంలో వరి. మెక్సికోలో మొక్కజొన్న. ఆండీస్ కొండల్లో బంగాళాదుంప. న్యూగినీ ఎత్తైన లోయల్లో అరటి, చేమ.

పటం చూడనక్కరలేదు. నల్లరేగడి మీద బతికే మా యింటి కంచం చూస్తే చాలు. జొన్నరొట్టె తింటాం. ఆ జొన్నను సుమారు 5,000 ఏండ్ల క్రితం మచ్చిక చేసింది తూర్పు సూడాన్ ప్రజలు. రాగి సంగటిలోని రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తు భూములది. సజ్జ సహారా అంచున మాలీ దేశానిది. కొర్ర, వరిగ ఉత్తర చైనాలో 8,000 ఏండ్లకు పూర్వమే పండాయి. కంది మన ఒరిస్సా, బస్తర్ అడవుల వైపుది. సంగటి మీదికి నంజుకునే ఊరిమిండిలోని శనక్కాయ దక్షిణ అమెరికా నుంచి, మిరపకాయ మెక్సికో నుంచి వచ్చి నాలుగైదు వందల ఏండ్లే అయింది. ఉలవలూ పెసలూ మాత్రం మన దేశానివే. మా అవ్వకు అక్షరం రాదు. అయినా ఆమె దినమూ నాలుగు ఖండాలను పొయ్యి మీద కలిపి వండుతుంది!

'మా సంస్కృతి మాదే, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు' అని వేదికలెక్కి రొమ్ము చరుచుకునేవారు ఒక పూట ఈ కంచం ముందు కూర్చోవాలి.

గింజ రాలకుండా నిలిచిన కథ

సైన్సు విద్యార్థిగా నాకు అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించే సంగతి ఇది. అడవి గోధుమ కంకి పండగానే వెన్ను పెళుసై విరిగిపోతుంది. గింజలు నేల రాలతాయి. మొక్కకు అదే క్షేమం, దాని సంతానం అట్లా నాటుకోవాలి. మనిషికి అదే నష్టం. నువ్వుల చేను కోత రెండు దినాలు ఆలస్యమైతే కాయలు నోళ్ళు తెరిచి గింజంతా ఎట్లా మట్టిపాలౌతుందో పల్లెటూరి పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

వేల మొక్కల్లో ఎక్కడో ఒకదానికి జన్యువులో చిన్న మార్పు వచ్చి, పండినా గింజ రాలదు. అడవిలో అది అవిటి మొక్క. దాని వంశం అక్కడే ఆగిపోవాలి. కాని మనిషి కొడవలితో కోసి ఇంటికి తెచ్చినప్పుడు ఆ రాలని కంకే చేతికి ఎక్కువ అందుతుంది. మళ్ళీ ఏడు విత్తినప్పుడు దాని పిల్లలే ఎక్కువ మొలుస్తాయి. ఇట్లా ఏటేటా జరిగితే కొన్నాళ్ళకు చేనంతా రాలని కంకులే. వరిలో ఇటువంటి ఒక జన్యువును 2006లో గుర్తించారు. అందులో ఒకే ఒక్క అక్షరం మారినందువల్ల రాలే గుణం చాలావరకు తగ్గింది. మనం తినే అన్నం ఆ ఒక్క అక్షరం మార్పును చూసుకుని, ఏరుకుని, దాచుకున్నవారి పుణ్యం.

దీనికి ఎన్నాళ్ళు పట్టింది? కోసి విత్తే పని గట్టిగా సాగితే 20 నుంచి 200 ఏండ్లలో చేను మారిపోవచ్చునని 1990లో హిల్‌మన్, డేవిస్ అనే ఇద్దరు లెక్క వేశారు. నేల తవ్వి చూస్తే తేలింది వేరు. చైనాలో తియన్‌లువోషాన్ అనే చోట బురదలో నిలిచిన వరి కాడలను వేల సంఖ్యలో పరీక్షించారు. సుమారు 6,900 ఏండ్ల నాటి పొరలో రాలని రకం 27 శాతం. మూడు వందల ఏండ్ల తర్వాతి పొరలో 39 శాతం. మూడు వందల ఏండ్లకు పన్నెండు శాతం! పశ్చిమాసియాలోనూ గోధుమ, యవలు పూర్తిగా మారడానికి రెండు మూడు వేల ఏండ్లు పట్టిందని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు.

మూడు వేల ఏండ్లంటే నూట ఇరవై తరాలు. ఏ ఒక్క తరానికీ తాము ఏం సాధిస్తున్నామో కంటికి కనబడి వుండదు. వానలు తప్పిన ఏడు చేను పోయి వుంటుంది. మళ్ళీ అడవికి వెళ్ళి గింజ తెచ్చుకుని వుంటారు. అంటే ప్రయోగం వెనక్కి పోయింది. మళ్ళీ మొదలు. మొక్కజొన్న సంగతి మరీ విచిత్రం. దాని మూలమైన తియోసింతే అనే గడ్డికి కంకిలో పది గింజలు వుంటే గొప్ప, ఒక్కొక్కటీ రాయిలాంటి పెంకులో. సుమారు 9,000 ఏండ్ల క్రితం మెక్సికోలో బల్సాస్ నది లోయ జనం దాన్ని పట్టుకుని మొదలుపెట్టిన పని ఇవాళ మన చేతిలో కాల్చుకుని తినే పొత్తుగా ముగిసింది. ఆ గడ్డినీ ఈ పొత్తునూ పక్కపక్కన పెడితే అవి తల్లీబిడ్డలంటే మన వృక్షశాస్త్ర విద్యార్థులే నమ్మరు.

ప్రయోగశాలలో మనం ఉప్పు విశ్లేషణ చేసి రికార్డు రాస్తాం, మార్కులు పడతాయి. వాళ్ళకు రాసుకోవడానికి లిపి లేదు. దాచిపెట్టిన విత్తనమే వాళ్ళ రికార్డు. అది చెడితే మొత్తం పోయినట్టే. కాబట్టే పోనివ్వలేదు. మంచి కంకి ఏరి వేరుగా కట్టి, బూడిద కలిపి, వేపాకు వేసి దాచే పద్ధతి మా వూళ్ళలో ఇవాళ్టికీ ముసలమ్మల చేతిలోనే వుంది. ఆనాడు కూడా గింజ ఏరిందీ, దంచిందీ, దాచిందీ ఎక్కువగా ఆడవాళ్ళే అయివుంటారని నా నమ్మకం. దీన్ని విజ్ఞానశాస్త్రం అనకపోతే మరి దేన్ని అంటాం?

ఎముకల సాక్ష్యం

అయితే సేద్యం వల్ల మనిషి సుఖపడ్డాడా? ఇక్కడ నిజం దాచడం తగదు. 1987లో జేర్డ్ డైమండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త సేద్యాన్ని మానవజాతి చేసిన తప్పులన్నిటిలోకీ పెద్ద తప్పుగా వర్ణిస్తూ ఒక వ్యాసం రాశాడు. ఆయన చూపిన సాక్ష్యం ఎముకలు. గ్రీసు, టర్కీ దేశాల్లో మంచుయుగం చివర వేటగాళ్ళ సగటు ఎత్తు మగవారికి 5 అడుగుల 9 అంగుళాలు వుంటే, సేద్యం వచ్చాక క్రీ.పూ. 3000 నాటికి 5 అడుగుల 3 అంగుళాలకు పడిపోయిందట. ఒకే రకం గింజ తిని పళ్ళు పుచ్చాయి. నెత్తురు తగ్గింది. ఒక్కచోట గుమిగూడడంతో అంటురోగాలు తగులుకున్నాయి.

సిరియాలో అబూ హురైరా అనే పాత వూరిని 1972, 1973లలో హడావుడిగా తవ్వారు. యూఫ్రటీస్ మీద కడుతున్న ఆనకట్ట నీటిలో అది మునిగిపోబోతున్నందున. మన నాగార్జునకొండను సాగర్ నీళ్ళు రాకముందు తవ్వినట్టే. అక్కడి ఆడవారి అస్థిపంజరాలను పరీక్షించిన థియా మోల్సన్ అనే శాస్త్రజ్ఞురాలు ఒక సంగతి కనిపెట్టింది. కాలి బొటనవేళ్ళ కీళ్ళు అరిగిపోయి వున్నాయి. మోకాళ్ళు, నడుం ఎముకలు దెబ్బతిన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళు వెనక్కి మడిచి, దినమూ గంటల తరబడి రాతి మీద గింజ నూరినందువల్ల వచ్చిన అవిటితనం అది. ఆ వూరి వైభవాన్ని చెప్పే శిలాశాసనం లేదు. ఆ బొటనవేళ్ళే శాసనం.

డైమండ్ చూపిన సాక్ష్యాన్ని నేను కాదనను. తీర్పును మాత్రం ఒప్పుకోను. సేద్యమే తప్పు అనడం, కడుపు నిండినవాడు వెనక్కి తిరిగి వంట చేసినవారిని తప్పుపట్టినట్టుంది. సేద్యం మనుషుల సంఖ్యను పెంచింది. ఇక వెనక్కి పోయే దారి లేదు, అడవి అందరికీ చాలదు. ఆ దారిన పడ్డవారు తమ ఎముకలు అరగదీసుకుని పిల్లల్ని బతికించారు. వాళ్ళ కష్టం ఒక ఎత్తు. ఆ కష్టం మీద ఇంకొకడు వచ్చి కూర్చోవడం ఇంకో ఎత్తు. ఈ రెండింటినీ కలిపేసి 'సేద్యం చేసిన నష్టం' అనడం సరికాదు. ఎందుకంటే ఈ రెంటికీ నడుమ కొన్ని వేల ఏండ్ల దూరం వుంది.

కొలపాత్ర ఎవరి చేతిలో?

పశ్చిమాసియాలో క్రీ.పూ. 8500 ప్రాంతానికే పైరు మచ్చిక కావడం మొదలైంది. రాజ్యం అనదగినది దక్షిణ ఇరాక్‌లోని సుమేరులో తలెత్తింది క్రీ.పూ. 3500 తర్వాత. నడుమ అయిదు వేల ఏండ్లు! రాముడి కాలం, బుద్ధుడి కాలం అంటూ మనం లెక్కపెట్టే చరిత్ర యావత్తూ ఆ ఖాళీలో ఇమిడిపోతుంది. ఆ అయిదు వేల ఏండ్లూ రైతు రాజు లేకుండానే దున్నాడు, విత్తాడు, పండించాడు, పండించుకున్నది తిన్నాడు.

ఆ తర్వాత ఉరుక్ నగరంలో లిపి పుట్టింది. ప్రపంచంలో మొట్టమొదటి రాత! ఏం రాశారనుకుంటున్నారు? కవిత్వం కాదు. దేవుడి స్తోత్రం కాదు. మట్టి పలకల మీద అత్యధికభాగం లెక్కలే. ఎన్ని కొలతల యవలు వచ్చాయి, ఎవరికి ఎంత పోశాం, ఎన్ని గొర్రెలు, ఎన్ని కుండల బీరు. ఒక పలక మీద 37 నెలలకు 29,086 కొలతల యవల లెక్క వుంది. కింద కుషిమ్ అనే పేరు. అది మనిషి పేరో, ఉద్యోగం పేరో తేలలేదు గాని, మనుషుల పేరుగా మనకు దొరికిన అతి పురాతనమైన వాటిలో అదొకటి అంటారు. చూడండి చిత్రం! చరిత్రకెక్కిన మొదటి పేరు ఆ యవలు పండించినవాడిది కాదు, కొలిచినవాడిది.

ఎందుకు గింజ దగ్గరకే వచ్చింది రాజ్యం? జేమ్స్ స్కాట్ అనే పండితుడు 2017లో రాసిన పుస్తకంలో దీనికి మంచి సమాధానం చెప్పాడు. గింజ పంట నేల మీద అందరికీ కనబడుతుంది. అంతా ఒక్కసారే పండుతుంది. కోసి, కొలిచి, బండ్లకెత్తి, గాదెల్లో ఏండ్ల తరబడి దాచవచ్చు. పన్ను వేసేవాడికి ఇంతకన్న అనువైనది ఏముంటుంది? చేమదుంప అట్లా కాదు. నేలలో వుంటుంది, కావలసినప్పుడు తవ్వుకోవచ్చు. ఆండీస్ కొండల్లో ఇంకా చక్రవర్తులు బంగాళాదుంపను కూడా వదల్లేదు కదా అనవచ్చు. నిజమే. కాని అక్కడా దుంపను మంచుకు పెట్టి, తొక్కి, ఎండబెట్టి నిల్వకు తెచ్చారు. నిల్వకు వచ్చింది గనుకనే గిడ్డంగి లెక్కకు వచ్చింది. ఎట్లా తిప్పినా విషయం ఒకటే. దాచగలిగిన దాని మీదికే కొలపాత్ర వస్తుంది.

దీనికి రుజువు న్యూగినీ. అక్కడి కుక్ అనే చిత్తడి లోయలో సుమారు 7,000 ఏండ్ల క్రితమే మట్టి తిన్నెలు పోసి అరటి, చేమ సాగు చేశారు. తర్వాత కాలవలు తవ్వారు. 2008లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. ఏడు వేల ఏండ్ల సేద్యం! రాజు రాలేదు, రాజధాని రాలేదు, కరణం రాలేదు. కాబట్టి సేద్యం చేస్తే తల మీద ఒకడు కూర్చోక తప్పదన్నది ప్రకృతి నియమం కాదు. ఎవరో కూర్చున్నారు గనుకనే కూర్చున్నారు.

సుమేరు రైతుకు తెలివి లేక కాదు ఇదంతా. నిప్పుర్ తవ్వకాల్లో దొరికిన ఒక పలకల వరసలో ఒక రైతు తన కొడుక్కి చెప్పిన మాటలున్నాయి. సుమారు 3,700 ఏండ్ల నాటి ప్రతి. నీళ్ళు ఎప్పుడు కట్టాలి, ఎడ్లతో ఎప్పుడు తొక్కించాలి, విత్తేవాడి మీద ఎట్లా కన్నుంచాలి, గింజ రెండు వేళ్ళ లోతున ఒకే తీరుగా ఎట్లా పడాలి, పిట్టల్ని ఎట్లా తోలాలి, కంకి బరువుకు వంగిపోకముందే ఎప్పుడు కోయాలి అని వరసగా చెబుతాడు. వాళ్ళ నాగలికి గింజ జారడానికి గొట్టం వుండేది. మన గొర్రుకు జడ్డిగం కట్టినట్టే. చదువుతుంటే మా నాయన గట్టు మీద నిలబడి అరుస్తున్నట్టే వుంటుంది!

ఆ నేల చివరికి ఏమైంది? జాకబ్‌సన్, ఆడమ్స్ అనే ఇద్దరు 1958లో ఆ పలకల లెక్కలే తీసి చూశారు. క్రీ.పూ. 2400 ప్రాంతంలో హెక్టారుకు 2,537 లీటర్ల గింజ పండిన సీమలో క్రీ.పూ. 2100 నాటికి 1,460, క్రీ.పూ. 1700 నాటికి 897 లీటర్లు. కాలవ నీళ్ళు ఆరకుండా పెట్టి పెట్టి నేలకు చౌడు పట్టింది. చౌడుకు ఓర్వలేని గోధుమ ముందే మాయమైంది, యవలు మిగిలాయి. ఆ లెక్కల మీద తర్వాతివారు కొందరు ఆక్షేపణలు తెలిపారు గాని, ఆ నేల చౌడెక్కిన మాటను తోసేయలేం. కాలవ కింద పొలం వున్నవాళ్ళకు ఈ కథ వేరే చెప్పాలా? నీరు పోయేదారి చూడకుండా నీరు పెట్టేదారి మాత్రమే చూస్తే, తెల్లగా పొక్కిన నేలలో ఏం మొలుస్తుందో మన ఆయకట్టుల్లోనే కనబడుతుంది. గాదె నిండాలన్న తొందర పాలకుడిది. నేల పాడైతే నష్టం రైతుది.

మన బూడిద దిబ్బలు

ఇదంతా ఎక్కడో ఇరాక్ కథ అని కొట్టిపారేయకండి. మన దక్కను పీఠభూమి కూడా ఈ కథలో వుంది. పాలమూరు వైపు మఖ్తల్ దగ్గర ఉట్నూరులో 1957లో ఆల్చిన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక బూడిద దిబ్బను తవ్వాడు. పొరలు పొరలుగా కాలిన పేడ. నాలుగు వేల ఏండ్లకు పూర్వం పశువుల్ని కట్టేసిన దొడ్డి అది. ఆ బూడిదలో గొడ్ల గిట్టల ముద్రలు చెక్కు చెదరకుండా వున్నాయి! బళ్ళారి, అనంతపురం వైపు కూడా ఇటువంటి దిబ్బలున్నాయి.

ఆ కాలపు వూళ్ళ మట్టిని నీళ్ళలో కలిపి తేలిన మాడిన గింజలను సూక్ష్మదర్శిని కింద చూసినవారికి అన్నిచోట్లా దాదాపు ఒకే జట్టు కనిపించింది. ఉలవలు, పెసలు, అండుకొర్రలు, మరొక అడవి కొర్ర జాతి. కడప జిల్లా కుందేరు లోయలోనూ ఇట్లాంటి వూళ్ళ గింజలు దొరికాయి. ఇవన్నీ వానకు పండే పంటలు, కాలవ అడగనివి. గోధుమ, యవలు వాయవ్యం నుంచి తర్వాత వచ్చాయి. ఆ తర్వాత ఆఫ్రికా నుంచి అనుములు, సజ్జ, రాగి చేరాయి. అంటే దక్షిణ దేశపు రైతు తన గింజ తాను తయారుచేసుకున్నాడు. ఆపైన బయటి గింజ వస్తే కాదనకుండా దాన్నీ పెంచుకున్నాడు. ఈ సంగతి మన డిగ్రీ పుస్తకాల్లో ఒక్క పేరాకైనా నోచుకోకపోవడం విచారకరం. ఈజిప్టు ఫారోల వరస మనకు నోటికొస్తుంది. మన తాతల అండుకొర్ర మనకు తెలియదు.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పట్నం దుకాణాల్లో అండుకొర్రలు అందమైన సంచుల్లో కనబడ్డాయి. సంతోషమే. కాని వాటిని వదిలేయమని, 'ఇవేం తిండిరా' అని వెక్కిరించి పత్తి వేయించింది ఎవరు? ఇప్పుడు ఆరోగ్యానికి మంచిదని వెతుక్కుంటూ వస్తున్నది ఎవరు? రెండుసార్లూ రైతును అడిగినవాళ్ళు లేరు.

విత్తనాల కోసం ఆకలితో పోయినవారు

ఈ విషయం మీద రాస్తూ ఒక్క మనిషికి నమస్కారం చేయకుండా వుండలేను. నికొలాయ్ వావిలోవ్. రష్యన్ శాస్త్రవేత్త. పంటల జన్మస్థానాలు ప్రపంచంలో కొన్ని ప్రత్యేక ప్రాంతాల్లో వున్నాయని 1926లో సిద్ధాంతీకరించినవాడు. అందులో మన భారతదేశాన్నీ చేర్చాడు. ఖండాలు తిరిగి రైతుల దగ్గర పిడికెడు పిడికెడు విత్తనం అడిగి తెచ్చి లెనిన్‌గ్రాడ్‌లో భద్రపరచాడు. లైసెంకో అనే రాజకీయ శాస్త్రజ్ఞుడి మాటకు తలవంచనందుకు 1940లో అరెస్టయ్యాడు. 1943 జనవరి 26న సరాతోవ్ జైల్లో తిండి లేక ప్రాణం విడిచాడు. లోకానికి అన్నం పెట్టే విత్తనాలు పోగుచేసినవాడు ఆకలితో పోయాడు!

అదే కాలంలో జర్మన్ సేనలు లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించాయి. ఆ సంస్థలో పనిచేసేవారు వరి, గోధుమ, శనక్కాయ సంచుల నడుమ కూర్చుని, ఒక్క గింజ నోట్లో వేసుకోకుండా ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. వాళ్ళు తినివుంటే ఎవరు తప్పుపట్టగలరు? అయినా తినలేదు. తన పిల్లలు పస్తున్నా విత్తనపు గింజ ముట్టని రైతు మన వూళ్ళోనూ వున్నాడు. ఆ శాస్త్రవేత్తలకూ ఈ రైతుకూ నడుమ తేడా నాకు కనబడదు.

మరి మనమేం చేయాలి?

'దున్నేవాడు లెక్క చూస్తే నాగలి కూడా మిగలదు' అంటారు పెద్దలు. అయిదు వేల ఏండ్ల క్రితం ఉరుక్‌లో కొలపాత్ర రైతు చేతి నుంచి జారింది, ఇంకా తిరిగి రాలేదు. అప్పుడు గింజ మాత్రమే పోయింది. ఇప్పుడు విత్తనం కూడా పోతూంది. మా నాయన ఒక ఏడు ఒక కంపెనీ విత్తనం సంచి కొన్నాడు. సగం కూడా మొలవలేదు. దుకాణదారుడు కంపెనీని చూపాడు, కంపెనీ మనిషి వాననూ నేలనూ చూపాడు. పన్నెండు వేల ఏండ్లుగా విత్తనం ఎంచుకున్న జాతికి విత్తనం గురించి పాఠం చెప్పి పంపించారు! దేశంలో 2022 ఒక్క సంవత్సరంలోనే రైతులూ రైతు కూలీలూ కలిసి 11,290 మంది ప్రాణాలు తీసుకున్నారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. ఇదీ మన నేటి మట్టి పలక.

రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవడానికి, మార్చుకోవడానికి, పేరు ముద్రించకుండా అమ్ముకోవడానికి కూడా 2001 నాటి మన చట్టమే హక్కు ఇచ్చింది. ఆ హక్కు వున్న సంగతి మన కళాశాలలో ఎంతమందికి తెలుసు? మనలో సగంమంది పైగా పొలం బిడ్డలం. హాస్టల్లో చేరిన నెలకే ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడతాం.

కాబట్టి విద్యార్థి సంఘం ముందు, అధ్యాపకుల ముందు నా విన్నపాలు మూడు. మొదటిది, వృక్షశాస్త్ర విభాగంలో ఒక బీరువా కేటాయించాలి. పల్లెల నుంచి వచ్చే ప్రతి విద్యార్థీ సెలవులకు వెళ్ళి వచ్చేటప్పుడు తన వూరి నాటు విత్తనం ఒక పిడికెడు తేవాలి. దాని పేరు, ఎప్పుడు విత్తుతారు, ఎట్లా దాస్తారు, ఎవరు దాచారు అన్నది కాగితం మీద రాసి జతపరచాలి. దాచినవారి పేరు తప్పకుండా రాయాలి. మొదటి పేరు కొలిచినవాడిది కావడం ఇకనైనా ఆగాలి. రెండోది, చరిత్ర శాఖ వారూ సైన్సు శాఖ వారూ కలిసి ఏడాదికొక్కసారైనా ఒక బూడిద దిబ్బకో, పాత వూరికో విద్యార్థులను తీసుకెళ్ళాలి. మూడోది, వార్షికోత్సవానికి మంత్రులనూ సినిమావాళ్ళనూ పిలిచే వేదిక మీదికి ఒక్క సంవత్సరం ఒక రైతునూ, ఒక రైతు తల్లినీ పిలవాలి. సన్మానానికి కాదు. పాఠం చెప్పడానికి. మనం కింద కూర్చుని రాసుకుందాం.

మిత్రులారా, విత్తు ముందే వచ్చింది. రాజ్యం తర్వాత వచ్చింది. తర్వాత వచ్చినదాన్ని మార్చుకోవడం మనుషుల చేతిలో పనే. మనలో రేపు వ్యవసాయాధికారులయ్యేవాళ్ళున్నారు, బ్యాంకు ఉద్యోగులయ్యేవాళ్ళున్నారు, తహశీల్దార్లయ్యేవాళ్ళున్నారు. ఏదో ఒకనాటికి ఆ కొలపాత్ర మన చేతికే వస్తుంది. ఆనాడు ఎవరి పక్షాన నిలబడి కొలవాలో ఈనాడే, ఈ తరగతి గదుల్లోనే తేల్చుకుందాం.